ఇంటి కింద క్లినిక్ సరే, మంచాలు వేస్తే లెక్క మారుతుంది

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నేను రిటైర్డ్ టీచర్ని. అంబపువా వైపు 30×60 అడుగుల స్థలంలో మాకు ఒక అంతస్తు మేడ ఉంది. ప్లాను నివాస గృహం కిందే పాసయింది. ముందున్న వీధి 15 అడుగులు. మా అమ్మాయి విశాఖలో ఎండీ జనరల్ మెడిసిన్ పూర్తి చేసుకుని వచ్చింది. పైన మేముంటూ కింది వాటాలో క్లినిక్ పెట్టాలనుకుంటున్నాం. సెలైన్ పెట్టడానికి నాలుగు మంచాలు, రక్త పరీక్షల ల్యాబు, ఒక అల్ట్రాసౌండ్ మిషను, వీధి వైపు గదిలో మందుల షాపు అనుకున్నాం. సంగతి తెలిసి ఇద్దరు పొరుగువాళ్లు కార్పొరేషన్‌లో అర్జీ ఇచ్చారు. ఇచ్చాపురంలో ఉండే మా బావమరిది మాత్రం రిజిస్ట్రేషన్ ఒక్కటీ చేయిస్తే చాలంటున్నాడు. ఇళ్ల మధ్య క్లినిక్ పెట్టొచ్చా? ఏయే కాగితాలు కావాలి? పక్కవాళ్లు ఆపగలరా?

సమాధానం: మాస్టారూ, అమ్మాయి మీ ఇంట్లో కూర్చుని రోగుల్ని చూడటానికి దారి ఉంది. మీరు రాసినవన్నీ కలిపి ఆ 15 అడుగుల వీధిలో పెట్టడానికి మాత్రం దారి దొరకదనే మా అభిప్రాయం. ముందు మంచాల సంగతి తేల్చుకోండి, ఎందుకంటే తక్కిన నిబంధనలన్నీ దాని వెనకే వస్తాయి.

బోర్డు మీద క్లినిక్ అని రాశామా, నర్సింగ్ హోమ్ అని రాశామా అన్నది అధికారులు పట్టించుకోరు. లోపల ఏం జరుగుతోందో చూస్తారు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం రోగి వచ్చి, చూపించుకుని వెళ్లిపోయే ఔట్‌పేషెంట్ క్లినిక్కు, ల్యాబు ‘ఇ’ తరగతిలోకి, అంటే ఆఫీసుల వరసలోకి వస్తాయి. రోగిని పడుకోబెట్టి వైద్యం చేసే చోటు ‘సి’ తరగతి, అంటే ఆసుపత్రుల వరస. వరస మారిందంటే కట్టడం మీద లెక్కలన్నీ మారతాయి. ఆసుపత్రికి మెట్ల వెడల్పు 2 మీటర్లు కావాలి. మామూలు ఇళ్లలో మెట్లు మీటరు వెడల్పుంటే గొప్ప. స్ట్రెచరు తిరగడానికి నడవా 2.4 మీటర్లుండాలి, అది సుమారు 8 అడుగులు. 30 అడుగుల వెడల్పు స్థలంలో పక్క ఖాళీలు పోగా మిగిలే ఇంట్లో 8 అడుగులు నడవాకే ఇస్తే గదులకు ఏం మిగులుతుంది? పైగా అగ్నిమాపక అనుమతి, పార్కింగు, ముందున్న రోడ్డు వెడల్పు కూడా ఆసుపత్రి కొలతల్లోనే చూస్తారు. సెలైన్ కోసమే, రాత్రి ఎవరినీ ఉంచం అని మీరన్నా, తనిఖీకి వచ్చినవాళ్ల కంటికి నాలుగు మంచాలు కనిపిస్తే అవి నాలుగు పడకలే.

అందుకని మంచాలు మానేయండి. ఒక పరీక్ష బల్ల, అత్యవసరంగా ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే పడుకోబెట్టడానికి ఇంకొక బల్ల, ఒక ఆక్సిజన్ సిలిండరు చాలు. బాటిల్ ఎక్కించాల్సిన రోగిని పడకలున్న చోటికి పంపే ఏర్పాటు ముందే మాట్లాడి పెట్టుకోండి. ఊళ్లో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉండనే ఉంది.

అల్ట్రాసౌండ్ కూడా ఇప్పుడొద్దు. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (పుట్టబోయే బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించేది) కింద రిజిస్ట్రేషన్ చిరునామాకు ఇస్తారు. మిషను చేత్తో పట్టుకుపోయేంత చిన్నదైనా సరే, రిజిస్ట్రేషన్ లేని గదిలో వాడితే నేరమే. ఫీజు 25,000 రూపాయలు, గడువు 5 ఏళ్లు. చోటు మార్చాలంటే 30 రోజుల ముందే తెలియజేసి కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలి. మిషను నడిపే డాక్టరుకు ఆ చట్టం చెప్పిన అర్హత కానీ శిక్షణ కానీ ఉండాలి. ఎండీ జనరల్ మెడిసిన్ ఉన్నంత మాత్రాన సరిపోయిందనుకోకండి. క్లినిక్కు భూ వినియోగం పక్కా కాకముందే మిషను కొంటే, రేపు చోటు మార్చాల్సి వచ్చిన రోజున రెండు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇక మందుల షాపు. డాక్టరు తన రోగులకు తానే మందులివ్వడానికి డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ‘కె’ కొన్ని షరతులతో వెసులుబాటు ఇస్తుంది. అయితే వీధిలోకి తెరిచిన షాపుగా నడపకూడదు. షట్టరు పెట్టి దారినపోయేవాళ్లకు అమ్మితే అది దుకాణం. దానికి కనీసం 10 చదరపు మీటర్ల గది, ఫార్మసిస్టు, డ్రగ్ లైసెన్సు కావాలి. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, డాక్టరు గదికి ఒప్పుకునే నివాస జోను దుకాణానికి ఒప్పుకోకపోవచ్చు. పొరుగువాళ్ల అర్జీకి కూడా బలం ఆ షట్టరు దగ్గరే వస్తుంది. ల్యాబు బదులు రక్తం నమూనాలు తీసి బయటి ల్యాబుకు పంపే చిన్న గది పెట్టుకోండి.

ఇప్పుడు మీ బావమరిదిగారి సలహా చూద్దాం. ఆయన చెబుతున్నది ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన ప్రైవేటు వైద్య సంస్థల చట్టం సంగతి. అక్కడ జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్ఓ) చూస్తారు. సరిహద్దు ఇవతల అది చెల్లదు. ఒడిశాకు 1990 నాటి సొంత క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, జిల్లాలో దాన్ని చూసేది జిల్లా ముఖ్య వైద్యాధికారి (సీడీఎంఓ) ఆఫీసు. రెండు రాష్ట్రాల్లోనూ ఒక మాట మాత్రం నిజం: వైద్య రిజిస్ట్రేషన్ వేరు, భూ వినియోగం వేరు. ట్రేడ్ లైసెన్సూ అంతే. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు ఇచ్చిందంటే పన్ను తీసుకుని వ్యాపారం నమోదు చేసుకుందని అర్థం, ఆ ఇంట్లో ఆ పని చేయడానికి ప్లానింగు వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. లైసెన్సు ఫ్రేము కట్టి గోడకు తగిలించుకున్నవాళ్లకు కూడా అనధికార వినియోగం నోటీసులు వచ్చేది ఇందుకే.

మీ అమ్మాయి విషయంలో ఇంకొకటి ఉంది. విశాఖలో చదివింది కాబట్టి ఆమె పేరు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో ఉండి ఉంటుంది. అక్కడి నుంచి ఎన్ఓసీ తెప్పించుకుని ఒడిశా కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిజిస్ట్రేషన్‌లో ఎంబీబీఎస్‌తో పాటు ఎండీ కూడా ఎక్కించుకోవాలి. దీన్ని ఇవాళే మొదలుపెట్టండి; తక్కిన దరఖాస్తులన్నిటి మీదా ఆ నంబరు రాయాలి.

కాగితాల వరసకొస్తే, మొట్టమొదట ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో మీ పట్టా తీసి కిసం, అంటే భూమి రకం, చూడండి. ‘ఘరబారి’ (ఇంటి స్థలం) అని ఉంటే సరే. ఇల్లు కట్టి ఇరవై ఏళ్లయినా పట్టాలో ఇంకా ‘శారద’ అనో మరో సాగు కిసమో మిగిలిపోయిన స్థలాలు ఊరి అంచు కాలనీల్లో చాలానే ఉంటాయి. అలా ఉంటే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద తహసీల్దారు దగ్గర మార్పు చేయించుకోవాలి. అది కాకుండా పైమెట్టు ఎక్కలేరు.

తర్వాత బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీలో మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, ఖాతా, ప్లాటు నంబరు ఇచ్చి సమగ్ర అభివృద్ధి ప్రణాళికలో మీ ప్లాటు ఏ జోనులో పడిందో రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి జోనుకూ నేరుగా అనుమతించేవి, దరఖాస్తు మీద పరిశీలించి ఇచ్చేవి, అసలు కూడనివి అని జాబితాలుంటాయి. నివాస జోనులో డిస్పెన్సరీ, క్లినిక్కు లాంటివి సాధారణంగా మొదటి రెండింట్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి. అంటురోగాల ఆసుపత్రి మాత్రం కూడనివాటిలో ఉంటుంది. ఏ జాబితాలో ఉందన్నది మాటతో సరిపెట్టుకోకండి. కౌంటరులో చెప్పిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు. నకలు ఇవ్వడానికి జాప్యం చేస్తే సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో తెల్లకాగితం మీద రాస్తే తీసుకోరు, ఫారం ‘ఎ’లోనే ఇవ్వాలి, ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

జోను కుదిరిందని తెలిశాక 2020 నాటి ఒడిశా ప్లానింగ్ అండ్ బిల్డింగ్ స్టాండర్డ్స్ రూల్స్ కింద కింది అంతస్తుకు వినియోగ మార్పు అడగాలి. ఇంజనీరు చేత ఇప్పుడున్న ఇల్లు ఉన్నది ఉన్నట్టు కొలిపించండి. పాసైన ప్లానుకూ కట్టిన ఇంటికీ తేడా లేని ఇల్లు అరుదు. పక్క ఖాళీలో లేపిన బాత్రూము, ముందుకు జరిపిన వరండా ఇన్నాళ్లూ ఎవరూ అడగకపోయినా ఇప్పుడు అడుగుతారు. అవి తీసేయగలిగితే తీసేసి, లేకుంటే ముందు వాటిని క్రమబద్ధం చేయించుకుని ఆ తర్వాతే దరఖాస్తు వేయండి. ఫాల్స్ సీలింగు, గాజు తలుపులు, ఏసీల మీద ఒక్క రూపాయి కూడా ఈ అనుమతి చేతికి రాకముందు పెట్టకండి. అమ్మాయి ఆ ఇంట్లోనే ఉంటోందని చూపే ఆధార్, ఓటరు కార్డు చిరునామాలు కూడా సరిచేయించండి. నివాసంలో ఉండే డాక్టరు సొంత ప్రాక్టీసు వేరు, బయటి డాక్టర్లను పిలిచి నడిపే పాలీక్లినిక్కు వేరు. అడిగేటప్పుడు ‘ఒక డాక్టరు, ఔట్‌పేషెంట్, పడకలు లేవు’ అని స్పష్టంగా రాయండి.

ప్లానులో ర్యాంపు చూపాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. చక్రాల కుర్చీ ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. మీ ఇంటి ప్లింత్, అంటే నేల నుంచి గచ్చు ఎత్తు, 2 అడుగులైతే ర్యాంపు 24 అడుగులు, పైన కుర్చీ తిప్పుకోవడానికి మరో 5 అడుగులు, మొత్తం 29 అడుగులు. వెడల్పు కనీసం 4 అడుగులు. గుమ్మం ముందు నుంచి తిన్నగా దించితే అది గేటు దాటి సైడు కాలువ మీద, రోడ్డు మీద పడుతుంది. కాలువ మీద వేసిన ర్యాంపును కార్పొరేషన్ వాళ్లు వచ్చి పగలగొట్టడం మీరూ చూసే ఉంటారు. పక్క ఖాళీ 4 అడుగులకు తగ్గకుండా ఉంటే ప్రహరీ పక్కనుంచి వెనక్కి ఎక్కించి, పక్క తలుపు లోంచి వెయిటింగు గదిలోకి తీసుకెళ్లండి. ఖాళీలో ర్యాంపు వేయడానికి కూడా ప్లానులో చూపించి ఒప్పించుకోవాలి.

పార్కింగు మీ కేసులో పెద్ద చిక్కు. 15 అడుగులంటే నాలుగున్నర మీటర్లు. ఒక కారు గోడవార నిలబడితే సుమారు రెండు మీటర్లు పోతుంది, మిగిలిన దాంట్లో ఆటో బితుకుబితుకుమంటూ వెళ్లాలి. ఎదురింటి గేటు తెరుచుకోదు. సాయంత్రం మూడు గంటల్లో 36 మందిని చూస్తారనుకోండి, అందరూ ఆరింటికే వస్తే ముప్పై బళ్లు వీధిలో ఉంటాయి. పావుగంటకు ముగ్గురి చొప్పున ఫోను మీద టైమిస్తే ఏ క్షణాన చూసినా పదికి మించవు. స్కూటరుకు 1.25 చదరపు మీటర్లు చొప్పున పదింటికి 12.5 చదరపు మీటర్లు. మీ ఇంటి ముందు ఖాళీ 8 అడుగులుంటే 30 అడుగుల వెడల్పున సుమారు 22 చదరపు మీటర్లు ఉన్నట్టే. ఆ ఖాళీలో పూలకుండీలు, మోటారు షెడ్డు తీసేసి బళ్లు లోపలే పెట్టించండి. గేటు వీధిలోకి తెరుచుకోకుండా పక్కకు జరిగేది పెట్టండి. కారులో వచ్చేవాళ్లకు మెయిన్ రోడ్డు మీద ఆపే చోటు ముందే చెప్పండి. ఈ లెక్కను గీసి దరఖాస్తుకు జతచేస్తే అధికారికి పని తేలికవుతుంది, పొరుగువాళ్లకు చూపించడానికీ పనికొస్తుంది.

తర్వాత చెత్త. పొరుగువాళ్లకు నిజమైన ప్రమాదం దీనివల్లే, కాబట్టి మా మాట కాస్త కటువుగా ఉంటుంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఒక్క సూది వాడే గదికి కూడా వర్తిస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి బరంపురం ప్రాంతీయ కార్యాలయానికి ఫారం 2లో దరఖాస్తు పెట్టాలి. పడకలు లేని క్లినిక్కుకు ఆథరైజేషన్ ఒక్కసారే. పూర్తి కాగితాలతో ఇచ్చిన దరఖాస్తుకు 90 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆసుపత్రుల చెత్తను సేకరించి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రంతో ఒప్పందం తప్పనిసరి. రక్తమంటిన దూది, గాజుగుడ్డ పసుపు సంచిలోకి. సూది తీసేసిన సిరంజి, సెలైన్ ట్యూబు, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి. సూదులు, బ్లేళ్లు పొడుచుకోని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు నీలం పెట్టెలోకి. పసుపు సంచి చెత్త 48 గంటలకు మించి ఉంచకూడదు.

జరిగే తప్పు ఎలా ఉంటుందంటే, శుద్ధి కేంద్రం బండి ఇరుకు వీధిలోకి రాదు, కాబట్టి ఆయా పొద్దున్నే సంచులు తెచ్చి గేటు బయట పెట్టి లోపలికి పోతుంది. బండి వచ్చేలోపు కుక్కలు లాగుతాయి, పసుపు సంచి చిరుగుతుంది, దూది ఎదురింటి ముగ్గు మీద పడుతుంది. దానికి ఎంత క్షమాపణ చెప్పినా ఆ ఇంటివాళ్లు మళ్లీ మిమ్మల్ని నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా. గేటు లోపల, మెట్ల కిందైనా సరే, నాలుగడుగుల చిన్న గది కట్టి టైల్సు వేసి తాళం పెట్టండి. బండి వచ్చే టైము ఒప్పందంలో రాయించండి. మూత ఉన్న చక్రాల డబ్బాలో మెయిన్ రోడ్డు దాకా మనిషి తీసుకెళ్లి చేతికి అప్పగించి, రిజిస్టరులో బరువు రాసి సంతకం తీసుకోవాలి. ఏటా జూన్ 30లోపు ఫారం 4లో వార్షిక నివేదిక పంపాలి, రికార్డులు ఐదేళ్లు ఉంచాలి.

చేతులు, నమూనాల గది సింకులు కడిగిన నీళ్లకు వేరే తొట్టి పెట్టండి. 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ ద్రావణం) ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం వస్తుంది. రక్తమున్న ద్రవాలను అందులో కనీసం 20 నిమిషాలు ఉంచి వదలాలి. ఆ క్లోరిన్ నీళ్లను ఇంటి సెప్టిక్ ట్యాంకులోకి కలపకండి. మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోయి ట్యాంకు తొందరగా నిండి, వాసన ముందు మీ మేడ మీదికే వస్తుంది.

జెనరేటరు కంటే ఇన్వర్టరు మేలు. ఫ్రిజ్, లైట్లు, కంప్యూటరుకు అది చాలు. తప్పదనుకుంటే శబ్దం ఆపే పెట్టెతో వచ్చేదే కొనండి. పొగ గొట్టం భవనం ఎత్తు దాటి ఎంత పైకి ఉండాలో లెక్కుంది: కేవీఏ (జెనరేటరు సామర్థ్యం) వర్గమూలాన్ని 0.2తో గుణించాలి. 15 కేవీఏకు భవనం మీద సుమారు 0.8 మీటరు. నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రోగుల్ని మైకులో పిలవడం అసలు వద్దు.

కింది వాటాకు వేరే కరెంటు మీటరు తీసుకుని గృహేతర కేటగిరీలో పెట్టించండి. ఇంటి మీటరు మీద క్లినిక్కు నడుపుతూ దొరికితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్ కట్టిస్తారు, ఎప్పటినుంచో తేలకపోతే వెనకటి 12 నెలలకు. హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) రికార్డులో కూడా వినియోగం మార్పించాలి. బోర్డు మీద ఒడియా తప్పకుండా ఉండాలి, తెలుగు దాని కింద రాయించుకోండి.

రాయగడ, కొరాపుట్, నబరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాల్లోని పాఠకులు ఇదే పని తలపెడితే భూలేఖ్ కంటే ముందు ఇంకొకటి చూసుకోవాలి. ఆ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతిలో కూడా కొంత భాగం అంతే. గిరిజనుల నుంచి ఇతరుల చేతికి వచ్చిన భూమి మీద ఆంక్షలు పెట్టే 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఉంది. అమ్మినవాళ్ల పేర్లు వెనక్కి రెండు మూడు చేతుల దాకా చూపించమని లాయరును అడగండి. హక్కే నిలవని చోట జోను చూసి లాభం లేదు.

ఇక పొరుగువాళ్ల అర్జీ. నిబంధన ప్రకారం వచ్చిన క్లినిక్కును పక్కింటి సంతకం లేదని ఆపలేరు. అయితే దారి మూసినా, చెత్త పడేసినా, రాత్రిళ్లు మోత పెట్టినా బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 152 కింద సబ్ కలెక్టరు దగ్గరికి వెళ్లే హక్కు వాళ్లకుంది. ఇదివరకు సీఆర్‌పీసీలో అది 133. వాళ్లు రాసిన అర్జీ నకలు తీసుకుని చదవండి. అందులో మంచాలు, మందుల షాపు, బళ్లు అనే మూడు మాటలుంటే, మొదటి రెండూ మీరు మానుకున్నట్టు, మూడోదానికి ఏర్పాటు చేసినట్టు పార్కింగు గీతతో సహా వాళ్లింటికే వెళ్లి చూపించండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. కార్పొరేషన్ నుంచి నోటీసు వస్తే అందులో రాసిన గడువులోపే జవాబివ్వాలి. ‘ప్రాక్టీసు ఇంకా మొదలుపెట్టలేదు, ఫలానా తేదీన వినియోగ మార్పుకు దరఖాస్తు ఇచ్చాం’ అని రెండు వాక్యాలు రాసి, దరఖాస్తు రసీదు జతచేసి, మీ దగ్గరుండే కాపీ మీద డైరీ నంబరు, స్టాంపు వేయించుకోండి. ఆ దరఖాస్తు తేలేదాకా గుమ్మానికి బోర్డు తగిలించకండి, ఒక్క రోగిని కూడా కింద కూర్చోబెట్టకండి.